ఎన్ని పూటలు? ఎంత కొలత?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 16:13–21, 1 కొరింథీయులకు 11:20–34



ఒక పూట తినువాడు యోగి, రెండు పూటలు తినువాడు భోగి, మూడు పూటలు తినువాడు రోగి అను సామెత మన పల్లెలలో తెలియనివారు లేరు. ఈ మాట ఇటీవల మరల తరచుగా వినబడుచున్నది. ఒళ్లు వచ్చినదనియు, డాక్టరు బరువు తగ్గుమని చెప్పెననియు మనలో అనేకులు పూటలు లెక్కపెట్టుట మొదలుపెట్టిరి. ఒకరు ఉదయపు ఆహారము మానిరి. మరియొకరు రాత్రి భోజనము మానిరి. ఇంకొకరు పట్టణములో విని వచ్చి, దినమునకు ఆరు మారులు కొంచెము కొంచెముగా తినవలెనని చెప్పుచున్నారు. వీరిలో ఎవరి మాట సరియైనది?

ఇది వైద్యునికి చెందిన ప్రశ్న గాని సంఘమునకు చెందినది కాదని కొందరు తలంచవచ్చును. అయితే మనము అన్నము ముందు కూర్చుండి తల వంచి స్తోత్రము చెల్లించి తినువారము. దేనికొరకు స్తోత్రము చెల్లించుచున్నామో దానిని ఏ కొలతతో తినవలెనో, ఎవరితో కూడ తినవలెనో ఆలోచించుట కూడ మన పనియే.

సామెత ఎవరిని గూర్చినది?

మొదట ఆ సామెతను పరీక్షింతము. యోగి యొక్క చోట కూర్చుండువాడు. అతడు నాగలి పట్టలేదు, నాటు వేయలేదు. కాకతీయుల నాటి రామప్ప చెరువు క్రింద మన పాలంపేట పొలములలో నాట్ల కాలమున తెల్లవారినది మొదలు నడుము వంచి బురదలో నిలిచిన స్త్రీ, ఉదయము జొన్నగటకయో మక్కగటకయో త్రాగి, మధ్యాహ్నము గట్టుమీద సద్దిమూట విప్పి, రాత్రి వేడి అన్నము తినెడిది. ఆమె మూడు పూటలు తినెను. రోగి కాలేదు. తిన్నదంతయు పనిలో ఖర్చయ్యెను. ఆమెను చూచి, అమ్మా, ఒక పూట తిని యోగినివి కమ్మని చెప్పువాడు కఠినుడు.

ఇప్పుడు కాలము మారినది. దున్నుటకు ట్రాక్టరు వచ్చెను, కోయుటకు కోత మిషను వచ్చెను. ములుగునకు నడిచిపోవువారు లేరు, మోటారు సైకిలు మీద పోవుచున్నారు. సాయంకాలము టీవీ ముందును, సెల్‌ఫోను ముందును కూర్చుండుచున్నారు. పళ్లెము కూడ మారినది. 1983లో నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యపు పథకమును ఆరంభించినప్పుడు అనేకుల ఇండ్లనుండి ఆకలి వెడలిపోయెను. దానికొరకు మనము కృతజ్ఞులము. 2025 మార్చి నెలాఖరున తెలంగాణలో రేషను కార్డుల మీద సన్నబియ్యమును కూడ ఇయ్యనారంభించిరి. అయితే జొన్న, మక్క, రాగి వెనుకకు పోయి, తెల్లని అన్నపు కుప్ప పళ్లెమంతయు ఆక్రమించినది. పని తగ్గినది, కుప్ప పెరిగినది. దాని ఫలితము మన దేహములందు కనబడుచున్నది. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి సుమారు 30 మంది స్త్రీలును, అంతకు కొంచెము ఎక్కువగా పురుషులును ఉండవలసిన బరువుకంటె ఎక్కువ బరువు గలవారు. అదే రాష్ట్రములో సగముకంటె ఎక్కువమంది స్త్రీలకు రక్తహీనత కలదని కూడ ఆ సర్వేయే చెప్పుచున్నది. ఒళ్లు నిండియున్నను దేహమునకు కావలసినది అందలేదన్నమాట.

కావున మన ప్రశ్నను సరిగా అడుగుకొందము. తప్పు పూటల సంఖ్యలో ఉన్నదా, లేక మరియొక చోట ఉన్నదా?

శరీరము దేనిని లెక్కించును?

తెలుగునాట ఆహారమును గూర్చి బోధించువారు పలువురు కలరు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనెలు విడిచిన భోజనమును బోధించిరి. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నము మొదలగు పిండిపదార్థములను విడిచి, కొబ్బరినూనె వంటి క్రొవ్వులమీద ఆధారపడు పద్ధతిని బోధింపగా 2018 ప్రాంతమున ఊరూర దానిని గూర్చి మాటలాడుకొనిరి. ద్రవాహారమనియు, ఒక పూట భోజనమనియు, రెండు పూటల భోజనమనియు అందులో భాగములు కలవు. 2023లో పద్మశ్రీ పొందిన ఖాదర్ వలీ గారు కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు తినుడని చెప్పుచున్నారు. ఒకరు నూనె వలదందురు, మరియొకరు నూనె త్రాగుమందురు. ఈ బోధలు ఒకదానితో ఒకటి పొసగవు. అయినను ప్రతి పద్ధతియందును బరువు తగ్గినవారు కనబడుచున్నారు. ఇది ఎట్లు సాధ్యము?

కారణము కష్టమైనది కాదు. ఏ త్రోవను పోయినను, ఆ మనిషి అన్నపు కుప్పనో, తీపినో, నూనెలో వేచినవానినో విడిచెను. దినమంతటిలో లోపలికి పోవు మొత్తము తగ్గెను. మొత్తము తగ్గినందున బరువు తగ్గెను. మరల పాత కొలతకు వచ్చినప్పుడు బరువును మరల వచ్చెను.

శరీరము పూటలను లెక్కపెట్టదు, మొత్తమును లెక్కపెట్టును. ఒక పురుషుడు పూటకు 150 గ్రాముల బియ్యపు అన్నము చొప్పున మూడు పూటలు తినుచున్నాడనుకొందము. దినమునకు 450 గ్రాములు, అనగా సుమారు 1,600 కెలరీలు. అతడు ఉదయపు పూట మాని, ఆకలిచేత మధ్యాహ్నము 225 గ్రాములు, రాత్రి 225 గ్రాములు తినిన యెడల మొత్తము ఎంత? అదే 450. అతడు రోగి పేరు విడిచి భోగి పేరు పొందెను గాని, అతని నడుము ఆ సంగతి ఎరుగదు.

మాటిమాటికి కొంచెము తినిన యెడల కడుపులోని అగ్ని రగిలి క్రొవ్వు కరగునని చెప్పుదురు. అరిగించుకొనుటకు శరీరమునకు ఖర్చగునది నిజమే. అది సుమారుగా తిన్నదానిలో పదియవ వంతు. అయితే తిన్నది ఒకే మొత్తమైనప్పుడు, రెండు భాగములు చేసినను ఆరు భాగములు చేసినను ఆ పదియవ వంతు పెరగదు. 2014లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో చెక్ దేశపు వైద్యులు షుగరు వ్యాధి గల 54 మందికి ఒకే కొలతగల ఆహారమును పండ్రెండు వారములు ఆరు మారులుగాను, పండ్రెండు వారములు ఉదయము, మధ్యాహ్నము రెండు మారులుగాను ఇచ్చిరి. రెండు విధములను బరువు తగ్గెను. రెండు మారులు తిన్నప్పుడు ఇంకను కొంచెము ఎక్కువగా తగ్గెను. కాబట్టి ఆరు మారులు తిననిదే బరువు తగ్గదను మాట నిలువదు.

అట్లని గడియారము చూచి ఉపవసించుటలో గొప్ప రహస్యమున్నదనియు చెప్పరాదు. 2022లో చైనా దేశపు గ్వాంగ్‌జౌ పట్టణపు వైద్యులు 139 మంది స్థూలకాయులను ఒక సంవత్సరము పరీక్షించి ఫలితమును ప్రకటించిరి. అందరికిని తగ్గించిన ఆహారపు కొలత ఒకటే. ఒక గుంపువారు ఉదయము 8 గంటలనుండి సాయంకాలము 4 గంటలలోపల మాత్రమే తినవలెను, రెండవ గుంపువారికి వేళ నియమము లేదు. మొదటివారు సగటున 8 కిలోలు, రెండవవారు 6 కిలోలకు పైగా తగ్గిరి. ఆ స్వల్ప భేదము వేళనుబట్టియే కలిగినదని చెప్పుటకు చాలదని ఆ వైద్యులే తేల్చిరి. వేళ నియమము కొందరికి సహాయము చేయును, ఏలయనగా రాత్రి పొద్దుపోయిన తరువాత చిరుతిండ్లు ఆగిపోవును. అది చేతికఱ్ఱ వంటిది. నడువవలసినది కాళ్లే.

లెక్కకు రాని పూటలు

మన లెక్కలో మరియొక లోపము కలదు. మనము అన్నము తిన్నదానినే పూట అందుము. టీ పూట కాదు. బిస్కత్తు పూట కాదు. సంతలో తిన్న మిర్చి పూట కాదు. పెండ్లియింట త్రాగిన చల్లని తీపి పానీయము పూట కాదు. దినమునకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర, చెంచా 5 గ్రాములనుకొనిన యెడల 40 గ్రాముల చక్కెర లోపలికి పోయినది. అయినను, నేను ఒక్క పూటయే తినుచున్నాను, ఒళ్లు ఎందుకు తగ్గదో తెలియదు అని మనము ఆశ్చర్యపడుదుము. అట్లు చెప్పువాడు అబద్ధికుడు కాడు. అతడు నమ్మిన లెక్కయే అతనిని మోసపుచ్చినది. పూటలు లెక్కించుట సులభము. కొలత చూచుకొనుట కష్టము. మనుష్యుడు సులభమైన లెక్కనే పట్టుకొనును.

మన్నా యొక్క కొలత

అరణ్యములో ఇశ్రాయేలీయులను పోషించిన విధమును జ్ఞాపకము చేసికొనుడి. సాయంకాలమున మాంసము, ఉదయమున ఆహారము దేవుడు వారికిచ్చెను. కెరీతు వాగునొద్ద ఏలీయాకు కాకులు తెచ్చినదియు ఉదయ సాయంకాలములే. దీనినిబట్టి, రెండు పూటలే దేవుని ఆజ్ఞ అని ఎవరైన సిద్ధాంతము చేయుదురేమో. అది సరికాదు. అదే ఏలీయా బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లి పడుకొన్నప్పుడు దూత అతనిని రెండుసారులు లేపి రెండుసారులు తినిపించెను, ఏలయనగా అతని యెదుట నలువది దినముల ప్రయాణముండెను. ఎదుట నున్న పనినిబట్టి భోజనము.

మన్నా విషయములో దేవుడు పట్టుబట్టినది కొలత విషయమే. ఓమెరుతో కొలువగా, ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి కొదువ కాలేదు. రేపటికని దాచుకొన్నది పురుగు పట్టి కంపు కొట్టెను. ఆ దాచుకొన్న మన్నాను తలంచునప్పుడు మన దేహములు నాకు జ్ఞాపకము వచ్చును. అవసరమునకు మించి తిన్న అన్నము ఎక్కడికి పోవును? అదియు దాపుడు సొమ్మే. గంపలో గాక నడుము చుట్టును, కాలేయములోను దాచుకొనుచున్నాము. కొంత దాపుడు కరవు కాలమునకు మేలే. మితిమీరినప్పుడు అది షుగరుగాను, రక్తపు పోటుగాను బయటికి వచ్చును.

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. లావుగా నున్న ప్రతివానిని తిండిపోతని తీర్పు తీర్చకుడి. కొందరికది వంశమునుబట్టి వచ్చును, కొందరికి థైరాయిడు గ్రంథి దోషమువలన, కొందరికి వాడు మందులవలన, కొందరు స్త్రీలకు కాన్పుల తరువాత వచ్చును. సన్నగా నున్నవాడు మితముగలవాడనియు నిశ్చయము లేదు. భోజన విషయములో ఒకరికొకరు తీర్పరులు కావద్దని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. గుడిలో ఒక సహోదరిని ఆమె ఒంటినిబట్టి పరిహసించుట, ఆమె తినిన ఏ అధిక ముద్దకంటెను పెద్ద పాపము.

దానియేలు పది దినములు

బరువు తగ్గుటకు దానియేలు ఉపవాసమని కొందరు కూరగాయలతోను నీళ్లతోను పది దినములు గడుపుదురు. కూరగాయలు మంచివే. అయితే వాక్యమును సరిగా చదువవలెను. ఆ నలుగురు యౌవనులు రాజు భోజనముచేత తమ్మును అపవిత్రపరచుకొనగూడదని అట్లు చేసిరి. పది దినములైన తరువాత వారు ఇతరులకంటె శరీరపుష్టి గలవారై కనబడిరని హెబ్రీ మూలములో నున్నది. వారు చిక్కిపోలేదు. వారు తిన్నదానికి అక్కడ వాడిన మాట విత్తనములవలన కలుగువానిని సూచించును. మన తెలుగు బైబిలులో శాకధాన్యములని వ్రాసిరి. మంచి ఆహారము బలమునిచ్చినదని ఆ కథ సాక్ష్యమిచ్చుచున్నది.

దీనిని మరువరాదు, ఏలయనగా బరువు తగ్గుట యంతయు మేలు కాదు. ఒక పూట మాత్రమే తిని, ఆ పూట అన్నము, పచ్చడి మాత్రమే తినువాని దేహము క్రొవ్వుతోకూడ కండను కూడ కోలుపోవును. కండ పోయినవానికి బలము పోవును, మెట్లెక్కలేడు, వృద్ధాప్యమున పడిపోవును. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో ఈ పేరు పొందెను. పెద్దవారికి ప్రతి కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెనని 2020లో అది ప్రకటించెను. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. వట్టి అన్నముతో అది నిండదు. పప్పు, పెసర్లు, బబ్బెర్లు, ఉలవలు, పల్లీలు, గుడ్డు, మజ్జిగ, చెరువు చేప కావలెను. వారమునకు అర కిలో చొప్పున తగ్గుట క్షేమమనియు, బరువు తగ్గువారి ఆహారము దినమునకు 1,000 కెలరీలకు తగ్గరాదనియు ఆ సంస్థ హెచ్చరించుచున్నది. పెండ్లి కుదిరినదని నెలలో పది కిలోలు తగ్గవలెనని పస్తులుండు మన ఆడుబిడ్డలకు తలిదండ్రులు ఈ మాట చెప్పవలెను.

ఉపవాసము వేరు, పథ్యము వేరు

మన సంఘములలో శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు కలవు. శ్రమకాలపు నలువది దినములు కలవు. ఈ దినములలో, ప్రార్థనయు అగును, బరువును తగ్గును అని నవ్వుచు చెప్పుకొనుట విందుము. ఒక రాతితో రెండు పండ్లు రాల్చినట్లు తోచును. అయితే ఉపవాసమున మన చూపు దేవునివైపు తిరుగవలెను, పథ్యమున మన చూపు తూనికమీద నుండును. పథ్యము తప్పు కాదు. దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని నమ్మినవారు దానిని బాగుచేసికొనుట మంచిదే. దానికి ఉపవాసమను పేరు పెట్టుటయే తప్పు. వారమునకు రెండుమారులు ఉపవసించితినని దేవాలయమున చెప్పుకొన్న పరిసయ్యుడు తన లెక్కనే దేవునికి చూపెను. పూటల లెక్క అతనికి నీతియైనది. మన ప్రభువు ఉపవసించువానిని తల అంటుకొని ముఖము కడుగుకొనుమనెను, ఎవరికిని తెలియకుండుటకే.

మరియొక ముఖ్యమైన సంగతి. షుగరు మాత్రలు వేసికొనువారు, ఇన్సులిన్ సూది తీసికొనువారు డాక్టరును అడుగకుండ పూట మానరాదు. మందు లోపల పనిచేయుచుండగా అన్నము లేకపోయిన యెడల రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ తప్పవచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు, క్షయ మందులు వాడువారు, బలహీనులైన వృద్ధులు పూటలు మానరాదు. వారు భోజనము చేసి వచ్చి ప్రార్థించిన యెడల దేవుడు వినడా? తప్పక వినును.

ఒకరికొరకు ఒకరు

కొరింథు సంఘములో విందు జరిగినప్పుడు ఒకడు ఆకలిగొనెను, మరియొకడు మత్తుడాయెను. పౌలు వారిని గద్దించి, కూడివచ్చినప్పుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని చెప్పెను. ఎన్ని పూటలు తినవలెనో పౌలు చెప్పలేదు. ఎవరు ఇంకను తినలేదో చూడుమనెను.

మన యిండ్లలో ఎవరు చివర తినుచున్నారు? భర్తకు పెట్టి, పిల్లలకు పెట్టి, అత్తమామలకు పెట్టి, మిగిలిన అన్నములో చారు కలుపుకొని తిను స్త్రీ. ఆమెకు ఉదయపు పూట తప్పుచున్నది, అది పథ్యమువలన కాదు, తీరిక లేకపోవుటవలన. పప్పు అడుగంటును, గుడ్డు అయిపోవును, అన్నము మాత్రము మిగులును. పారవేయ మనసు రాక ఆ అన్నమంతయు ఆమెయే తినును. అందుచేతనే ఒకే దేహములో స్థూలత్వమును రక్తహీనతయు కలిసి కాపురముండుచున్నవి. అన్నలారా, తమ్ములారా, అందరును ఒక్కమారు కూర్చుండి తినుడి. పప్పును కూరను ముందుగానే సమముగా పంచుడి. బరువు తగ్గించుటకు ఏ పట్టణపు పద్ధతియు ఇంత మేలు చేయదు.

చేయదగిన కొన్ని పనులు

దినమునకు రెండు పూటలైనను మూడు పూటలైనను, మీ పనికిని ఆరోగ్యమునకును అనువైనది నిర్ణయించుకొని, దానినే నిలుకడగా పాటించుడి. నాట్ల దినమున మూడు, వట్టి దినమున రెండు అయినను దోషము లేదు. దానికంటె ముఖ్యమైనది పళ్లెము. సగము పళ్లెము పుంటికూర, తోటకూర, బీర, సొర వంటి కూరలతో నింపుడి. ఒక భాగము పప్పో గుడ్డో చేపయో ఉండవలెను. మిగిలిన భాగమే అన్నమునకు. ఆహారపు శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45కు మించరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పెను; మన దేశమున అది 50 నుండి 70 వరకున్నది. టీలో చక్కెర తగ్గించుడి. రాత్రి పెందలకడ తినుడి. పొలము లేని దినమున చెరువు కట్ట మీద నడువుడి. తూనిక లేకపోయిన టేపుతో నడుము కొలుచుకొనుడి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన యెడల ఆరోగ్య కేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొనుడి.

చివరగా, మన తల్లుల వాడుక యొకటి జ్ఞాపకము చేయుదును. అన్నము వండు ప్రతిసారియు, ఎసట్లో పోయకమునుపు, ఒక పిడికెడు బియ్యము తీసి వేరు కుండలో వేసెడివారు. ఆదివారమున అది గుడికి వచ్చెడిది. వారిలో పెక్కుమంది పేదలు, ఒళ్లు తగ్గించుకొనవలసిన అవసరము లేనివారు. అయినను తమ కొలతలోనుండి ఒక పిడికెడు ప్రక్కకు తీసిరి. నేడు మనకు బియ్యము సమృద్ధిగా నున్నది, డాక్టరు తగ్గించుమనుచున్నాడు. ఆ పిడికెడు తీయుట మనకింకను సులభము కావలెను. ఆకలిగొన్నవానికి ఆహారము పంచిపెట్టుటయే తనకిష్టమైన ఉపవాసమని దేవుడు యెషయా గ్రంథము 58వ అధ్యాయమున తెలియజేసెను. మీరు మానుకొన్న పూటలోని అన్నము ఎక్కడికి పోయెను? అది డబ్బాలోనే మిగిలినయెడల మీకు పథ్యమైనది. ప్రక్కయింట ఒంటరిగా నున్న ముసలమ్మ పళ్లెములోనికి, పప్పుతోను గుడ్డుతోను కూడ పోయినయెడల, మీకు ఆరోగ్యమును ఆమెకు పూటయు అయినది.

ఈ నెల మొదలుకొని ప్రతి యింట ఆ కుండను మరల పొయ్యి ప్రక్కన పెట్టుదుము గాక. దేవుడు మీ భోజనమును, మీ దేహములను ఆశీర్వదించునుగాక. ఆమేన్.